రెండు సీట్ల కారుకు పేరు

నాదముని ఆచారి దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ ఆయన అలవాటొకటి తెలుసు. ఎవరేమడిగినా ఆయన జవాబు చెప్పడు, ఏదో ఒక పని చెబుతాడు. ఆ పని చేసి వచ్చేసరికి జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే ఇంకో పని. మదనపల్లెలో బెంగుళూరు రోడ్డు పక్కనున్న ఆయన షెడ్డులో నలభై ఏళ్లుగా పాత కార్లు మళ్లీ ప్రాణం పోసుకుంటున్నాయి. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి, ముప్పై రెండో ఏట ఆయన దగ్గర శిష్యరికానికి చేరిన చంపకవల్లికి కూడా మూడేళ్లలో ఈ అలవాటు బాగానే అనుభవమైంది. అయినా ఆ రోజు అడగక తప్పలేదు. అడిగింది ఒక కారు పేరు గురించి.

అరవై ఏళ్ల నాటి స్పోర్ట్స్ కారు అది. దొరల సీమ నుంచి ఓడలో వచ్చిన బండి. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, నేలను రాసుకుంటూ పోయేంత పొట్టి, గుమ్మడిపువ్వు రంగు. ఆస్పత్రి వదిలి స్వదేశం వెళ్లిపోతూ ఒక దొర డాక్టరు, తన దగ్గర పనిచేసిన డాక్టర్ సువార్తకు దాన్ని ఇచ్చిపోయాడట. ఆమె పద్నాలుగేళ్లు నడిపి, ఒక వానాకాలంలో కొట్టంలో పెట్టి తాళం వేసింది. ముప్పై ఐదేళ్లు గడిచాక, డెబ్బై ఏడేళ్ల వయసులో, ఆ తాళంచెవి ఆచారి చేతికిచ్చి, బాగుచేసి ఎవరికైనా ఇచ్చేయమంది. తనకు చూపించనక్కర్లేదని కూడా అంది. ఎందుకలా అన్నదని చంపక అడిగితే, ఆచారి ఆమెకు కార్బురేటరు విప్పే పని చెప్పాడు.

మొదటి మర నుంచి చివరి మెరుగు దాకా చంపక చేతుల మీదుగా లేచిన మొదటి బండి అదే. పదకొండు నెలలు పట్టింది. ఎడమ సీటు తోలు మీద పెద్ద నల్లటి మరక ఉంటే ఆయిలు మరకేమో అనుకుని కొత్త తోలు వేద్దామంది. ఆచారి మాత్రం తుడిచి వదిలేయమన్నాడు. ఆ ఒక్కటి తప్ప అంతా కొత్తగా మెరుస్తోంది. ఆదివారం బెంగుళూరు నుంచి పాత కార్లు సేకరించే పెద్దమనిషి వచ్చి తీసుకుపోతాడు. ఆయన దగ్గర ప్రతి కారుకూ ఒక ముద్దుపేరు ఉంటుందట. దీనికీ తగిన పేరొకటి పెట్టి, తలుపు మీద రాయించి ఉంచమని కబురు చేశాడు. చంపక వారం రోజులు దాని మీదే ఉంది. మెరుపుతీగ అనుకుంది, గాలిగుర్రం అనుకుంది, చిరుత అనుకుంది. పొద్దున నచ్చిన పేరు మధ్యాహ్నానికి పులిసిపోయేది.

"మేస్త్రిగారూ, తగిన పేరని ఎట్లా తెలుస్తుంది?" అని అడిగింది.

ఆచారి చేతులు తుడుచుకుని, ఎత్తు మీద బ్రేకులు చూశావా అన్నాడు. చూడలేదంది. అయితే ఉడుముగుట్ట దాకా పోయి రమ్మన్నాడు. కొండ మలుపుల్లో ఇరవై కిలోమీటర్లు, చివర్లో ఒక పల్లె, ఆ తర్వాత దారి లేదు. పల్లె మొదట్లో ఆపి ఇంజను చల్లారేదాకా అక్కడే ఉండాలి. "బండి గురించి నువ్వేమీ చెప్పొద్దు. వాళ్లు చెప్పేది విను," అన్నాడు.

టాపు దించుకుని చంపక బయల్దేరింది. మలుపు మలుపుకూ బండి నేలను పట్టుకుని తిరుగుతుంటే ఆమెకు మళ్లీ గాలిగుర్రమే బాగుందనిపించింది. చివరి ఎత్తు దగ్గర గేరు తగ్గిస్తే ఇంజను గొంతు మారి కొండకు తగిలి మోగింది. పల్లెలో మొదటి ఇంటి ముందు, కానుగచెట్టు నీడలో ఆపింది.

లోపల గిన్నెల చప్పుడయింది. కాసేపటికి ఎనభై ఏళ్లు దాటిన ముసలామె ఒకతె కొంగుతో చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చింది. కళ్లకు పొరలు కమ్మి ఉన్నాయి. తడుముకుంటూ వచ్చి బానెట్ మీద చెయ్యి వేసింది.

"మంత్రసాని వొచ్చినట్టుండాదే. కాన్పు యెవురింట్లోమ్మా?"

చంపక వెనక్కి తిరిగి చూసింది. దారిలో ఎవరూ లేరు. ముసలామె చెయ్యి మాత్రం ఆ వెచ్చటి రేకును ఆవును నిమిరినట్టు నిమురుతోంది. ఆమె మంత్రసాని అన్నది తనను కాదని, కారునని చంపకకు అప్పుడు తెలిసింది.

ఆమె పేరు చెంగమ్మ. అరుగు మీద కూర్చున్నాక, తన తొందరపాటుకు తనే నవ్వుకుంటూ చెప్పుకొచ్చింది. ఆ కాలంలో ఈ కొండ మీద ఎవరికి నొప్పులొచ్చినా కిందికి మనిషిని పరుగెత్తించేవాళ్లు. ఎత్తు దగ్గర ఈ బండి గొంతు వినపడగానే ఆడవాళ్లు పొయ్యి మీద నీళ్లు పెట్టేవాళ్లు. డాక్టరమ్మ దిగేసరికి నీళ్లు కాగి ఉండేవి. ఆ పల్లె ఒక్కదానిలోనే పదకొండు కాన్పులు. డాక్టరమ్మను డాక్టరమ్మనే అనేవాళ్లు, మంత్రసాని అన్నది మాత్రం బండిని. ఇప్పుడు కూడా శబ్దం వినగానే తన చేతులు వాటంతట అవే పోయి పొయ్యి మీద తపేలా పెట్టాయంది.

పన్నెండో కాన్పు చెంగమ్మ కోడలిది. బిడ్డ అడ్డం తిరిగింది, ఆస్పత్రికి తీసుకుపోవాలంది డాక్టరమ్మ. కోడలిని ఎడమ సీట్లో కూర్చోబెట్టి, సీట్ల వెనక సామాను పెట్టే చోట చెంగమ్మ ముడుచుకుని ఆమెను పట్టుకుంది. కుండపోత వాన. వంక పొంగి బండి నీళ్లలో ఆగిపోయింది. అక్కడే, ఆ సీట్లోనే, డాక్టరమ్మ బిడ్డను బయటికి తీసింది. తల్లి దక్కలేదు. మర్నాడు టౌను నుంచి ఆచారి అనే కుర్రమేస్త్రి వచ్చి, రెండు జతల ఎద్దులు కట్టి బండిని వంకలోంచి లాగించుకుపోయాడు.

 మూడుసార్లు సబ్బునీళ్లతో తుడిచినా పోని ఆ మరక చంపక కళ్ల ముందు ఆడింది.

తోటలోంచి ముప్పై ఐదేళ్ల ఆడమనిషి ఒకతె టమోటాల గంపతో వచ్చింది. ఇదే ఆ బిడ్డ అంది చెంగమ్మ. ఆమె గంప దించి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ సీటు దగ్గర ఆగింది. "యిక్కడేనా అవ్వా?" అని అడిగి, తోలు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది.

చంపక లేచేటప్పుడు చెంగమ్మ ఒకటే మాట అడిగింది. "నా కోడలు పోయింది, ఆయమ్మ మాత్రం యేం జేస్తాది? బిడ్డనిచ్చింది గదా. మల్లీ మా గడప తొక్కలేదే, మేమేం తప్పు జేసినామమ్మా?"

షెడ్డుకు వచ్చి జరిగిందంతా చెప్పింది చంపక. వాళ్లకు తన మీద కోపం లేదన్న సంగతి ఇన్నేళ్లలో డాక్టరమ్మకు మీరెందుకు చెప్పలేదని కాస్త కోపంగానే అడిగింది. మూడుసార్లు చెప్పానన్నాడు ఆచారి. "నేను చెబితే ఓదార్పనుకుంది. నువ్వు విన్నది విన్నట్టు చెప్పు."

మర్నాడు పొద్దున చంపక ఆ కారులోనే డాక్టర్ సువార్త ఇంటికి వెళ్లింది. గేటు ముందు శబ్దం వినగానే వరండాలో పేపరు చదువుతున్న ఆమె లేచి లోపలికి వెళ్లిపోబోయింది. చంపక మెట్ల కిందే నిలబడి, చెంగమ్మ మాటలు చెంగమ్మ చెప్పినట్టే చెప్పింది. తన మాట ఒక్కటీ కలపలేదు. డాక్టరమ్మ వీపు తిప్పుకునే విన్నది.

"ఆస్పత్రిలో జీపు ఉండింది," అంది. "పడుకోబెట్టి తీసుకొచ్చి ఉండొచ్చు. అది నెమ్మదిగా పోతుందని, ఇది వేగంగా పోతుందని, నేనే దీన్ని తీశాను."

 

"పిల్ల ఎట్లా ఉంది?" అని తనే అడిగింది.

టమోటా తోట చేస్తోందని, ఇద్దరు పిల్లలని, ఆ సీటు మీద చెయ్యి పెట్టి చూసిందని చంపక చెప్పింది. డాక్టరమ్మ ఇటు తిరిగింది. మెట్లు దిగి వచ్చి, తను కూడా ఆ తోలు మీద అదే చోట చెయ్యి పెట్టింది. అటు తిరిగి వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది. ఇప్పటికీ తన చిన్న కారు తనే నడుపుకుంటూ క్లినిక్‌కు పోయే మనిషి, చేతులు మరిచిపోలేదు. షెడ్డు దాకా చంపకను పక్కన కూర్చోబెట్టుకుని తీసుకువచ్చింది.

ఆచారి చక్రాల్లో గాలి చూసి, నీళ్లు చూసి, అద్దం తుడిచాడు. ఎక్కడికని అడగలేదు. తనూ వస్తానంది చంపక, ఘాట్ రోడ్డు కదా అని. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆ సీటు ఖాళీగా ఉండనీమ్మా. వచ్చేటప్పుడు ఎవరైనా ఉంటారేమో."

గుమ్మడిపువ్వు రంగు బండి రోడ్డెక్కి మలుపు తిరిగింది. అది కనపడకపోయినా చాలాసేపు దాని గొంతు వినపడుతూనే ఉంది. చంపక కళ్లు తుడుచుకుంది. పెయింటరు మధ్యాహ్నానికి వస్తాడని గుర్తొచ్చి, తలుపు మీద మంత్రసాని అనే రాయించమంటారా అని గురువును అడిగింది.

ఆచారి ఇంకా రోడ్డు వైపే చూస్తున్నాడు.

"తిరిగి రానీమ్మా," అన్నాడు. "ఏ పేరుతో పోయిందో ఆ పేరుతోనే వస్తుందని ఏముంది?"