శనివారం అటుకులు

అనగనగా ఒక ఏరు. ఏటి నడుమ ఒక లంక. లంకలో పక్కపక్కనే రెండు పూరిళ్లు. ఒక ఇల్లు నూకాలుది, రెండోది రత్తాలుది.

ఏరు ఎప్పుడు పొంగుతుందో ఏటికే తెలియదు. అందుకని రెండిళ్లలోనూ మూడు వస్తువులు సిద్ధంగా ఉండేవి. కుండెడు అటుకులు, పొడవాటి మోకుతాడు, ఒక తాటిదోనె.

నూకాలు అత్త పోతూ పోతూ ఒక మాట చెప్పింది. "అమ్మాయ్, వారానికొక రోజు వరదొచ్చిందనుకో."

నూకాలు ఆ మాట జవదాటలేదు. శనివారం వస్తే పొయ్యి వెలిగించదు. ఉట్టి మీది అటుకులు దించి, బెల్లం ముక్కతో పిల్లలకు పెడుతుంది. తరిగినన్ని కొత్తవి దంచి పోస్తుంది. మోకు దూలానికి కట్టి వేలాడి చూస్తుంది. దోనెను ఏట్లోకి తోసి ఒక చుట్టు తిప్పి తెస్తుంది.

రత్తాలుకి అది చూస్తే ఒకటే నవ్వు.

"ఏమే నూకాలూ! ఇంత ఎండలో నీ ఒక్కదాని ఇంటికే వరదొచ్చిందా? కోతిలా ఆ వేలాడ్డం ఏమిటే?"

"అత్త చెప్పిందక్కా," అని తల వంచుకునేది నూకాలు.

"నావి చూడు, మూడూ కొత్తవే! కుండ మూతకి మట్టి మెత్తేశాను. మోకు అటకెక్కించాను. దోనె చూరు కింద బోర్లించాను. ఇంక పదేళ్లు చూడక్కర్లేదు."

పిల్లలూ గునిసేవారు. "వాళ్లింట్లో చేపల పులుసమ్మా! మనకే ఎందుకీ అటుకులు?"

ఒక శనివారం నూకాలు మనసు కరిగింది. పొయ్యిలో పుల్లలు కూడా పేర్చింది. అంతలో అత్త మాట గుర్తొచ్చి, ఉసూరుమంటూ లేచి మోకు విప్పింది. చూస్తే నడిమధ్య ఎలుక కొరుకుడు! అక్కడే కూర్చుని కొత్త నార కలిపి పేనింది.

శ్రావణంలో ఒక పట్టపగలు ఏరు ఎర్రగా పొంగింది. రెండిళ్ల మగవాళ్లూ సంతకెళ్లి అవతలి గట్టున చిక్కుకున్నారు. రత్తాలు ఇంట్లో నడవలేని అత్త, ఒళ్లో చంటిబిడ్డ.

రత్తాలు దోనె తోసింది. ఎండి నెర్రెలిచ్చిన దోనె బుడబుడా నీళ్లు తాగింది. మోకు లాగింది. ఎలుకలు కొరికిన మోకు మూడు ముక్కలైంది. కుండ మూత తీసింది. అటుకుల నిండా పురుగు.

"నూకాలూ! మా అత్త, బిడ్డ... నేనేం చెయ్యనే!"

"ఏడవకక్కా. ముందు వాళ్లని మా దోనె ఎక్కించు."

నూకాలు మోకు ఒక కొస కొబ్బరిచెట్టుకు కట్టింది. రెండో కొస దోనెకు కట్టి, తానూ ఎక్కి, మోకు కొద్దికొద్దిగా వదులుతూ లంక చివరనున్న ఎత్తు దిబ్బకు చేర్చింది. మళ్లీ ఆ మోకే పట్టి లాక్కుంటూ వెనక్కి వచ్చింది. మొదట ముసలమ్మ, బిడ్డ. తర్వాత పిల్లలు. మూడోసారి రత్తాలు, అటుకుల కుండ.

దిబ్బ మీద రత్తాలు గుప్పెడు అటుకులు నోట్లో పోసుకుని, కళ్లు తుడుచుకుంది.

"ఇవాళ శనివారం కూడా కాదు కదే!"

"మంగళవారమే అక్కా. వరద వారం చూసుకుని రాదుగా," అంది నూకాలు, మొదటిసారి తలెత్తి.

నీళ్లు తీశాయి. మగవాళ్లు ఇల్లు చేరారు. ఆ పై శనివారం రెండిళ్లలోనూ పొయ్యి వెలగలేదు. రత్తాలు దూలానికి వేలాడుతుంటే పిల్లలు పడీ పడీ నవ్వారు.

దాచడం ఒకనాటి పని. దాచినదాన్ని కాచుకోవడం వారం వారం పని.