ముప్పై శాతం దగ్గర

నాగలింగయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. మార్కాపురం అవతల పలకల గనులు దాటాక ఉన్న ఆయన మఠానికి తత్వం తెలుసుకుందామని వచ్చి, చిక్కుడు పాదుకు పందిరి వేసి, జవాబేమిటో అంతుపట్టక తల గోక్కుంటూ వెళ్ళినవాళ్ళు బోలెడుమంది. కొందరు మాత్రం సగం దారిలో ఆగి తమలో తాము నవ్వుకుంటారట. ఎందుకు నవ్వారో మనకు చెప్పరు, అది వేరే సంగతి.

ఆయన శిష్యుల్లో సోమశేఖరం ఒకడు. నలభై దాటినవాడు. హైదరాబాదులో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం మానేసి, మనశ్శాంతి కోసం గురువుల్ని వెతుక్కుంటూ బయలుదేరాడు. ఇంతకుముందు ఇద్దరు గురువుల దగ్గర ఉన్నాడు. ఇద్దరి దగ్గరా మొదట్లో ఆహా ఓహో అన్నాడు. కొన్నాళ్ళకు తనలో ఏమీ కదలడం లేదని తేల్చుకుని సంచీ సర్దాడు. ఇప్పుడు ఇక్కడా సర్దాడు.

ఆ ఉదయం సంచీ భుజాన వేసుకునే వచ్చి దణ్ణం పెట్టాడు. "అయ్యవారూ, సాయంత్రం మీ బోధ వింటుంటే అంతా అర్థమవుతుంది. కళ్ళనీళ్ళు కూడా వస్తాయి. పొద్దున లేచేసరికి మళ్ళీ పాత మనిషినే. అదే కోపం, అదే భయం. లోపం బోధలో ఉందా, నాలో ఉందా? ఇక్కడ కూడా కాకపోతే నాకింక పోవడానికి చోటు లేదు." నిజంగానే కుమిలిపోతున్నాడు పాపం.

నాగలింగయ్యగారు తాపీగా తాంబూలం నమిలి, "సాయంత్రం బస్సుకే గదా పోయేది? ఈలోపు టీచరమ్మ కంప్యూటరు సంగతి చూడు నాయనా. అదేందో మొండికేసిందంట," అన్నారు.

టీచరమ్మ అంటే శేషారత్నమ్మగారు. ఉద్యోగం అయిపోయాక మఠంలో చేరి, పాత గురువుల తత్వాలన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తోంది. సోమశేఖరాన్ని చూడగానే ఆమె గోడు వెళ్ళబోసుకుంది. "ఎన్నాళ్ళనుంచో అప్‌డేట్ చెయ్యమంటుంది బాబూ. సరే అంటాను. పొద్దున తెరిస్తే, మార్పులు కుదరలేదు, ఎప్పట్లాగే పెట్టేస్తున్నా అంటుంది. సాయంత్రానికి మళ్ళీ అడుగుతుంది. అడగటం దేనికి, వద్దనటం దేనికి?"

సోమశేఖరానికి కుతూహలం పుట్టింది. సంచీ బల్ల కింద పడేసి కూర్చున్నాడు. నెట్ బాగానే ఉంది. చోటు చాలదేమోనని పాత ఉత్సవాల ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి మార్చాడు. తేదీ, టైము సరిగ్గానే ఉన్నాయి. లోపాలు వెతికే ప్రోగ్రాంతో వెతికిస్తే, ఏ లోపమూ లేదు పొమ్మంది. దిగిన ఫైళ్ళు చెరిపేసి మళ్ళీ దించితే శుభ్రంగా దిగాయి. రావలసింది వస్తోంది, వచ్చింది నిలవడం లేదు. ఇదెక్కడి చోద్యం! భోజనానికి పిలిచినా లేవలేదు. పొద్దుటి బాధ కూడా కాసేపు మరిచిపోయాడు.

చివరికి, "సాయంత్రం దీన్ని ఎలా ఆపుతారమ్మా?" అని అడిగాడు.

"అప్‌డేట్ చేసుకుని ఆగిపొమ్మని నొక్కుతాను. అది చక్రం తిప్పుకుంటా ఉంటది. ఈలోపు బోధకు వేళవుతుంది, వచ్చేస్తాను. అయిపోతే దానంతటదే ఆగిపోద్ది గదా."

ఇక్కడ మఠం ఆచారం ఒకటి చెప్పాలి. బోధ వేళ కరెంటు ఉండకూడదు. పెద్దలు నూనె దీపం ముందు కూర్చుని చెప్పారు కాబట్టి, కరెంటు వచ్చాక కూడా ఆ పద్ధతి పోకూడదని బోధకు ముందు మఠం మొత్తానికి మెయిన్ స్విచ్ దించేస్తారు. ఇదివరకు దానికి వంతులుండేవి. సోమశేఖరం వచ్చాక, సేవ నాకే కావాలని పట్టుబట్టి ఆ పని తీసుకున్నాడు. ఒక్కనాడూ తప్పలేదు.

అతను బల్ల కిందికి వంగి చూశాడు. సంచీ పక్కనే, కరెంటు పోతే కంప్యూటరును కాసేపు నిలబెట్టే యూపీఎస్ ఉంది. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. "ఓరి నా బుద్ధి మండ! రోజూ ఆపుతోంది నేనేనా!" అన్నాడు పైకే. టీచరమ్మకు ఏమీ అర్థంకాక, ఆకలికి ఇలా అంటున్నాడేమోనని మజ్జిగ తెచ్చిచ్చింది.

వెంటనే మళ్ళీ మొదలుపెట్టాడు. పని జరుగుతోంది, ఆపవద్దు అని తెర మీద వచ్చింది. అంకె గబగబా ముప్పై దాకా ఎక్కి అక్కడ కూర్చుంది. ఎంతసేపు చూసినా కదలదు. పొద్దు వాలింది. జనం వచ్చి కూర్చున్నారు, దీపం వెలిగించారు. "సోమశేఖరం, మెయిన్!" అని ఎవరో కేకేశారు. అతను గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యవారూ, ఈ పూట మెయిన్ దించలేను. దించితే చేసిందంతా వెనక్కి పోతుంది."

"ఎందాకా వచ్చింది?"

"ముప్పై శాతం దగ్గర ఆగిపోయింది."

"ఆగిపోయిందా?"

సోమశేఖరం తడబడ్డాడు. "ఆగినట్టు కనబడుతుంది గాని లోపల జరుగుతూనే ఉంటుంది. మా కస్టమర్లూ ఇంతే, ఆగిపోయిందనుకుని స్విచ్ కట్టేసేవాళ్ళు. కాస్త ఓపిక పట్టండయ్యా అని నెత్తీనోరూ కొట్టుకునేవాణ్ణి." ఆ మాట అన్నాక ఎందుకో అతనికి మొహం చెల్లలేదు. తల దించుకుని, వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

నాగలింగయ్యగారు దీపం ముందుకు జరిగి కూర్చున్నారు. ఆ మఠంలో మొదటిసారి నెత్తిన ఫ్యాను తిరుగుతుండగా బోధ మొదలుపెట్టారు. ముందు వరసలోని పెద్దాయనొకాయన ఇదేం అపచారమని గొణిగాడు. దీపం రెపరెపలాడుతుంటే గురువుగారే అరచెయ్యి అడ్డం పెట్టుకుని చెబుతున్నారు.

రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. సోమశేఖరం కంప్యూటరు గదివైపు చూశాడు. సంచీ అక్కడే బల్ల కింద ఉంది, పైన తెర మీద ఇంకా ముప్పైయే. బస్సు రెండోసారి మోగించింది.

నాగలింగయ్యగారు చెబుతున్న మాట ఆపి, దీపం మీంచి చెయ్యి తియ్యకుండానే అతనివైపు తిరిగారు.

"పోతే పో నాయనా. పోయేటప్పుడు మాత్రం మెయిన్ మీద చెయ్యి వెయ్యబాక."