పెనాల వారి గవ్వలదిబ్బ

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి ఆమడ దూరంలో, మడ అడవికీ ఉప్పు మళ్ళకూ నడుమ ఉన్నది గవ్వలదిబ్బ. బస్సు దిగి ఇసుక బాటన నడిస్తే ముందు కనబడేది పాడుబడిన లైటుహౌసు. దాని నీడ పడే చోటనే శ్రీ దీపాలమ్మ తల్లి కొలువై ఉన్నది. విగ్రహం లేదు. మోకాలెత్తు నల్లరాయి, దానికి పసుపూ కుంకుమా, ఎదురుగా నడుమెత్తు పెరిగిన గవ్వల గుట్ట, అంతే. గోపురం లేదేమని మొగం చిట్లించే యాత్రికులు ఉన్నారు. కథ విన్న తరువాత వారే ఆ గుట్ట చుట్టూ చెప్పులు విడిచి తిరుగుతారు.

ఈ గుడిలో పూజారి వచ్చినవారి గోత్రం అడగరు. ఇంటిపేరు ఒక్కటే అడుగుతారు. పూజారిగారి ఇంటిపేరు పెనాల. ఆంధ్రదేశంలో ఏ ఊరి పేరుకూ, ఏ వృత్తికీ, ఏ చెట్టుకూ చెందని ఇంటిపేరు అది. ఏడు సముద్రాల అవతల నుంచి వచ్చి ఇక్కడ వేరూనిన పేరు. అది ఎలా వచ్చిందో చెప్పేదే ఈ స్థలపురాణం.

పూర్వం, అంటే దొరల కాలంలో, ఇక్కడ నాంచారమ్మ అనే ఆమె ఉండేది. మగడు సముద్రం మీదికి వేటకు పోయి తిరిగి రాలేదు. కడుపు పండలేదు. లైటుహౌసు గోడ నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటూ, ఉప్పు మళ్ళలో పనికి వచ్చే తల్లుల పసిపిల్లలను చూసుకుంటూ రోజులు వెళ్ళదీసేది. నోరు పెద్దది, మనసు అంతకంటె పెద్దది. ఆమె నోటికి జడిసి కాకులు కూడా ఆ పిల్లల చేతిలోని ముద్ద జోలికి వచ్చేవి కావట.

ఒక కార్తీకంలో ఎక్కడెక్కడి నుంచో కొత్త కూలీలు మళ్ళలోకి దిగారు. నెల తిరగకుండానే పట్టపగలు ఉప్పెన వచ్చింది. నాంచారమ్మ చంకన ఇద్దరిని, వీపున ఒకరిని వేసుకొని, మిగిలినవారిని అదిలిస్తూ లైటుహౌసు మెట్లెక్కించింది. కిందికి పోయి మళ్ళీ ఎక్కింది, మళ్ళీ పోయింది. నీరు తీసిన తరువాత చూస్తే పిల్లలు పదకొండుగురు మిగిలారు. మళ్ళలోని తల్లులూ తండ్రులూ ఒక్కరూ మిగలలేదు. పిల్లల్లో పెద్దది తిరపతమ్మకు నాలుగేళ్ళు. ఏ ఊరని అడిగితే "అమ్మ ఊరు" అన్నది. ఇంటిపేరు చెప్పగల వయసు ఎవరికీ లేదు.

ఆ లైటుహౌసు కాచే దొర పేరు పెన్‌హాలో. ఉప్పెననాడు పగలే చీకటి కమ్మితే ఆయన పైన దీపం వెలిగించి ఆరిపోకుండా చూస్తూ ఉండగా, కింద ఇంట్లో భార్యా, ఆరేళ్ళ కొడుకూ కొట్టుకుపోయారు. నాటి నుంచి దొర మాట తగ్గిపోయింది. నాంచారమ్మ పిల్లలతో లైటుహౌసు నూనె దాచే కొట్టంలో ఉంటానంటే తలూపాడు గాని, ఆ పిల్లల మొగం ఎన్నడూ చూడలేదు. వాళ్ళు ఎదురుపడితే పక్కదారి పట్టేవాడు. చూడలేకపోయాడు పాపం. కడుపుకోత ఏ దేశంవాడికైనా ఒకటే.

పద్నాలుగేళ్ళు గడిచాయి. తిరపతమ్మ చక్కని పిల్ల అయింది. రేవు అవతలి నుంచి మోపిదేవయ్య అనే పెద్దమనిషి తన కొడుక్కి పిల్లను అడగడానికి వచ్చాడు. పిల్ల నచ్చింది. చాప మీద కూర్చుని మంచినీళ్ళ చెంబు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంటిపేరు ఏందమ్మా?"

నాంచారమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మోపిదేవయ్య చెంబు కింద పెట్టేశాడు.

"తప్పుగా అనుకోమాక నాంచారమ్మా. పిల్ల బంగారం. కానీ ఈ పిల్లదీ మా ఇంటిపేరే అయితే? అన్నాచెల్లెళ్ళకు ముడి పెట్టిన పాపం ఎవరు మోస్తారు?"

ఒకే ఇంటిపేరువారు తోబుట్టువుల లెక్క. అది ఆ తీరంలో ఎవరూ దాటని గీత. మోపిదేవయ్య చెడ్డవాడు కాదు. అందుకే ఆ మాట మరింత లోతుగా దిగింది. ఈ ఒక్క సంబంధమే కాదు, ఆ పదకొండుగురిలో ఎవరికీ ఏనాటికీ పెళ్ళి కాదని నాంచారమ్మకు ఆ పూటే తెలిసిపోయింది. తన మగడి ఇంటిపేరు ఇస్తానని మరుదుల దగ్గరికి పోతే, "పేరు నీ సొత్తా, పంచిపెట్టడానికి?" అని తగులుకున్నారు.

ఆ మధ్యాహ్నం వల ఒళ్ళో పెట్టుకొని ఏడుస్తూనే కునుకు తీసింది. కలలో పసుపు చీర కట్టిన ముత్తైదువ నల్లరాయి మీద కూర్చుని కనబడింది. "ఈ నేల మీద ఎవరికీ లేని పేరు అడుగవే, పిచ్చిదానా. రోజూ దాని నీడలోనే కూర్చుంటున్నావు" అన్నది. నాంచారమ్మ ఉలిక్కిపడి లేచింది. ఎదురుగా లైటుహౌసు, దాని మెట్ల మీద దొర.

వెంటనే పోయి నిలబడింది. దొర ఆమె ఏదో సాయానికి వచ్చిందనుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ తీరాన ఉన్నవాడు, తెలుగు బాగానే వచ్చు.

"ఇల్లు కావాలా? పెద్ద దొరకు చీటీ రాయనా?"

"వద్దు దొరగారూ. తమరి ఇంటిపేరు కావాలి. పదకొండుగురినీ దత్తత చేసుకోండి."

దొర మొగం ఎర్రబడింది. "పేరు తప్ప ఏమన్నా అడుగు. ఆ పేరు మా దేశంలోనే వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందికి ఉంది. మా నాన్నకు నేనొక్కణ్ణే, నాకు వాడొక్కడే. వాడు పోయాడు. ఆ పేరు కూడా నాతోనే మునిగిపోనీ."

నాంచారమ్మ కదలలేదు. "మునిగేవాటికి దారి చూపించడానికేగా దొరగారూ, తమరు రోజూ ఆ దీపం వెలిగించేది?"

దొర మెట్లెక్కి తలుపు వేసుకున్నాడు. ఒక రోజు గడిచింది, రెండో రోజూ గడిచింది. ఊళ్ళో తలొక మాట అన్నారు. "దొర పేరు పెట్టుకుంటే దేవుణ్ణి మార్చాలేమో" అని ఒకాయన గొణిగితే, "నేను పేరు అడిగాను గాని ప్రార్థన అడగలేదు, పోవయ్యా" అని నాంచారమ్మ కసిరింది.

మూడవనాడు కార్తీక బహుళ పంచమి. పొద్దెక్కిన తరువాత దొర తెల్లని బట్టలు కట్టి దిగి వచ్చాడు. చేతిలో చిన్నపిల్లవాడి టోపీ ఉంది. దాన్ని నల్లరాయి దగ్గర పెట్టి, ఇసుకలో బాసీపట్టు వేసుకొని కూర్చున్నాడు. దత్తత అంటే ఒళ్ళో కూర్చోబెట్టుకోవడమని ఎవరు చెప్పారో ఏమో. ఒక్కొక్కరినీ ఒళ్ళోకి తీసుకొని, పద్నాలుగేళ్ళుగా చూడని మొగాలను తేరిపార చూసి, చెవిలో తన ఇంటిపేరు చెప్పాడు. పద్దెనిమిదేళ్ళ తిరపతమ్మ సిగ్గుతో బిగుసుకుపోతే, "రా అమ్మా, ముందు పుట్టినదానివి నువ్వే" అన్నాడట. ఒక్కొక్క పేరుకు సాక్ష్యంగా నాంచారమ్మ రాయి ముందు ఒక్కొక్క గవ్వ పెట్టింది. పదకొండు పెట్టాక దొర ఇంకో గవ్వ ఏరి తానే పెట్టాడు.

"అది ఎవరిది?" అన్నది నాంచారమ్మ.

"నాది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను" అని దొర భోరుమన్నాడు. చూసినవారిలో కన్ను తడవనివారు లేరు.

మోపిదేవయ్య మళ్ళీ వచ్చాడు. అదే చాప, అదే చెంబు. ఈసారి తిరపతమ్మనే అడిగాడు.

"ఎవరి పిల్లవమ్మా?"

"పెనాల వారి పిల్లనండీ."

పల్లె నోటిలో ఆ పేరు అప్పటికే అలా నునుపు తేలింది. మోపిదేవయ్య మనసులో లెక్క కట్టాడు. దత్తతతో పాత పేరు పోయి కొత్త పేరు వచ్చింది. ఆ కొత్త పేరువాడు ఈ తీరాన మరొకడు లేడు. చెంబెత్తి గటగటా నీళ్ళన్నీ తాగేశాడు.

పదకొండుగురూ పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఆడపిల్లలు ఇతర ఇళ్ళకు పోయారు, మగపిల్లలు పేరు నిలిపారు. దొర పోయినప్పుడు కర్మ చేయడానికి కొడుకులు పోటీపడ్డారని చెబుతారు. నేడు పెనాలవారు మూడు జిల్లాల్లో ఉన్నారు. వారిలో బడిపంతుళ్ళు ఉన్నారు, లాంచీ నడిపేవారు ఉన్నారు, ఒక నర్సమ్మ ఉన్నది. ఆ పేరు పుట్టిన దేశంలో ఇప్పటికీ కొద్దిమందేనని చదువుకున్న పిల్లలు అంటారు. ఇక్కడ మాత్రం కొల్లలు. ఎంత దూరాన ఉన్నా అందరూ అన్నదమ్ములే కాబట్టి సంబంధాలు వెదికే పెద్దలకు తలనొప్పి తప్పదు. ఆ తలనొప్పిని వారు గొప్పగా చెప్పుకుంటారు.

ఏటా కార్తీక బహుళ పంచమినాడు ఆ ఇంట పుట్టిన ప్రతి బిడ్డ పేరిట, మెట్టిన ప్రతి కోడలి పేరిట ఒక గవ్వ గుట్టలో చేరుతుంది. పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్ల గవ్వను తీయరు. పోయినవారి గవ్వను తీయరు. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టరు. పిల్లలను లెక్కపెట్టకూడదని నాంచారమ్మ ఆన. ఆమె మాత్రం తన గవ్వ పెట్టుకోలేదు. "నేను అడిగింది వాళ్ళ కోసం" అన్నదట. అందుకని ఉత్సవంనాడు పూజారి మొదటి గవ్వను ఆమె పేరు చెప్పి రాయి మీదనే ఉంచుతారు.

పెళ్ళి కుదరనివారు, బిడ్డలు లేనివారు, అయినవారిని పోగొట్టుకున్నవారు ఇక్కడ ఒక పూట కూర్చుని లేస్తే మనసు కుదుటపడుతుందని నమ్మకం. గవ్వలు గుడి దగ్గర అమ్మరు, ఒడ్డున ఎవరికి వారే ఏరుకోవాలి. కిందటేడు ఒక అనాథాశ్రమం నుంచి ముగ్గురు పిల్లలు వచ్చారు. పూజారి పళ్ళెం పట్టుకొని అలవాటుగా ఇంటిపేరు అడిగారు. ముగ్గురూ ఒకరి మొగం ఒకరు చూసుకొని తలలు వంచుకున్నారు. పూజారి పళ్ళెం పక్కన పెట్టి, అక్కడే ఇసుకలో బాసీపట్టు వేసుకొని కూర్చుని, చిన్నదానికి చేయి చాచారు.