రోలు చుట్టూ తిప్పిన కోడి

కాళ్ళు కడుక్కున్నావా? సింహాద్రప్పన్నకి దండం పెట్టుకున్నావా? అయితే ఇలా నా పక్కకి జరుగు. దుప్పటి లాక్కోకు తల్లీ, ఇద్దరికీ సరిపోతుంది.

మన పెరట్లో కొత్త కోళ్ళు పక్కవాళ్ళ దొడ్లోకి ఎగిరిపోతున్నాయని, రేపు వాటి రెక్కలు కత్తిరిస్తానని మీ అమ్మ అంది. అప్పట్నుంచి మొహం ఇంత చేసుకుని తిరుగుతున్నావు. "కత్తిరించాలా అమ్మమ్మా, వద్దా?" అని అన్నం దగ్గర కూడా అడిగావు. నేనేం చెప్తాను? నాకు తెలిసిన కథ చెప్తాను. ఊఁ కొడుతూ విను.

అనగనగా, మరీ అంత అనగనగా కాదులే, మా అమ్మమ్మ కొత్త కోడలుగా ఉన్న రోజుల్లో, విజయనగరం అవతల ఒక ఊళ్ళో ఒక ఇల్లుండేది. ఆ ఇంట్లో పైడమ్మ అని ఒక అత్తగారు. ఆవిడకి ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు నూకాలమ్మ. చిన్నకోడలు పారమ్మ. ఆ పారమ్మే మా అమ్మమ్మ.

నూకాలమ్మది పెద్ద గొంతు, పెద్ద చెయ్యి. పారమ్మ కాపరానికి వచ్చేనాటికి తన జడ తను వేసుకోవడం కూడా రాదట. నూకాలమ్మే ముందర కూర్చోబెట్టుకుని, ఒక మొట్టికాయ వేసి, తల దువ్వేదట. "కదిలావంటే గుండు చేసేస్తాను" అనేదట. ఒక్కరోజు కూడా దువ్వడం మానలేదు.

వాళ్ళ పెరట్లో చూరు కింద నల్లరాతి రోలు ఒకటి భూమిలో పాతి ఉండేది. మోకాలెత్తు రోలు. నూకాలమ్మ రోకలి వేసేది. పోటుకీ పోటుకీ మధ్య పారమ్మ చెయ్యి పెట్టి గింజలు ఎగదోసేది. చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే వేళ్ళు నలిగిపోవూ? ఎవరి మీద నమ్మకముంటుందో వాళ్ళ రోకలి కిందే మనం చెయ్యి పెడతాం.

ఒకసారి పైడమ్మ సంతలో ఒక పెట్టని కొనుక్కొచ్చింది. ఒళ్ళంతా తెల్లచుక్కలు. అందుకని చుక్కలపెట్ట అని పేరు పెట్టారు. కొత్త కోడి ఇల్లు మరవకుండా ఉండాలంటే దాన్ని రోలు చుట్టూ తిప్పాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ. అప్పుడు పైడమ్మ పెట్టని పట్టుకుని ఒక చుట్టు తిరిగింది. ఆ తర్వాత నూకాలమ్మ ఒక చుట్టు తిరిగింది. ఆ తర్వాత పారమ్మ ఒక చుట్టు తిరిగింది.

"చూసుకో, ఇదే నీ ఇల్లు" అంది పైడమ్మ దాని చెవిలో. "తిరిగినంత తిరుగు. నీకు ఏ అవసరం వచ్చినా ఇక్కడికే రా."

ఆ యేడే పైడమ్మ దేవుడి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అన్నదమ్ములు విడిపోయారు. ఎందుకంటావా? ఈ ఇంటి సంగతులన్నీ గుర్తుపెట్టుకున్న దాన్ని, నాకూ తెలీదు తల్లీ. మా అమ్మమ్మని అడిగితే, "ఏదో వచ్చిందమ్మా, పోయింది" అనేది. ఇంటి మధ్యన, పెరటి మధ్యన నిలువెత్తు మట్టిగోడ లేచింది. చుక్కలపెట్ట నూకాలమ్మ వంతుకి వచ్చింది. రోకలి కూడా నూకాలమ్మ వంటింటి మూలనే ఉంది, ఆవిడదే అయింది. రోలు పాతిన చోటు మాత్రం పారమ్మ వాటాలో పడింది.

రోలు ఒకరికి, రోకలి ఒకరికి! ఊళ్ళో వాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. వీళ్ళు మాత్రం ఒకరిని ఒకరు అడగలేదు. నాగుల చవితి వచ్చింది. ఇద్దరిళ్ళలోనూ నువ్వులున్నాయి, బెల్లముంది. కానీ దంచితేనే కదా చిమ్మిలి! ఆ యేడు నాగమయ్యకి పాలు పోసి, అరటిపండు పెట్టి, ఎవరి ఇంటికి వాళ్ళు తలొంచుకుని వచ్చేశారు.

పంపకాల రోజున నూకాలమ్మ కోపంలో ఒట్టు కూడా పెట్టేసుకుంది. "నేను ఆ గడప తొక్కితే సింహాద్రప్పన్న మీద ఒట్టు!" అని. ఊరంతా విన్నది.

ఇక మాటల్లేవు. మాటలు లేకపోతే నూకాలమ్మకి ఊపిరాడదు. అందుకని ఏం చెప్పాలన్నా గోడతో చెప్పేది. పారమ్మ కూడా గోడకే జవాబు చెప్పేది.

మరి చుక్కలపెట్ట ఏం చేసింది? గుడ్డు పెట్టే వేళకి ఠప్పున గోడెక్కి అవతలికి దూకేది.

మొదట నూకాలమ్మ దాని కాలికి తాడు కట్టింది. అది తాడు బిగేదాకా గోడ వైపు లాక్కుంటూ నిలబడింది. నూకలు వేసినా తల తిప్పలేదు. ఆ కాలు వాచిపోతే చూడలేక ఆవిడే తాడు విప్పేసింది.

ఆ తర్వాత గంప కింద మూసింది. అది లోపలి నుంచి టకటకా, టకటకా పొడుస్తూనే ఉంది. నూకాలమ్మ మొగుడికి తల పగిలిపోయింది. "కోడిని వదులుతావా, నన్ను కూడా ఆ గంప కిందే మూస్తావా?" అన్నాడు. నీళ్ళు పెడదామని గంప కాస్త ఎత్తగానే, ఇంకేముంది, గోడవతల ఉంది.

ఈసారి రాత్రిళ్ళు కూడా రావడం మానేసింది. మధ్యాహ్నం ఒక్కసారి గబగబా వచ్చేది, తవుడు తినేది, నీళ్ళు తాగేది, పోయేది. పారమ్మే మచ్చిక చేసి ఉంచేసుకుందని నూకాలమ్మ అనుకుంది. గోడ దగ్గరికెళ్ళి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓ గోడా! పరాయి కోడి గుడ్లు అరుగుతున్నాయా అని అడుగు!"

"ఓ గోడా!" అంది అవతల నుంచి సన్నటి గొంతు. "నేను పిలవలేదని చెప్పు. దానికి రెక్కలున్నాయి, అదే వస్తోంది."

"ఓలమ్మో! రెక్కలున్నాయనే కదా నీకింత ధీమా!" అంది నూకాలమ్మ. తిన్నగా లోపలికెళ్ళి కత్తెర తీసింది.

భయపడకు. నొప్పి పుట్టదు. మనం గోళ్ళు తీసుకున్నట్టే. కొత్తగా మొలిచే ఈకల్లో నెత్తురుంటుంది, వాటి జోలికి పోకూడదు. ముదిరిన ఈకలు కత్తిరిస్తే మళ్ళీ వస్తాయి. రెండు రెక్కలూ కాదు, ఒకటే కత్తిరించాలి. అప్పుడు ఎగరబోతే ఒక పక్కకి ఒరిగిపోతుంది. నూకాలమ్మకి ఇదంతా తెలుసు. మధ్యాహ్నం తవుడు తినడానికి వచ్చిన పెట్టని లటుక్కున పట్టుకుంది. కుడి రెక్క విసనకర్రలా విప్పి కరుక్కున కత్తిరించేసింది. చుక్కల ఈకలు వాకిట్లో రాలాయి.

పైడమ్మ ఉండుంటే ముందు కోడి పొట్ట తడిమేది. నూకాలమ్మ కోపంలో ఆ ఒక్కటీ మరిచిపోయింది.

"ఓ గోడా! ఇప్పుడు ఎగరమను, చూస్తాను" అంది.

చుక్కలపెట్ట గోడ మీదికి ఎగిరింది. సగంలో ఒరిగి పడింది. లేచి మళ్ళీ ఎగిరింది. మళ్ళీ పడింది. మూడోసారి గోడకే కొట్టుకుని, దుమ్ములో కూలబడి, ఒక రకంగా అరిచింది. ఆ అరుపు విని నూకాలమ్మ చేతిలో కత్తెర జారిపోయింది. ఒళ్ళంతా ఉబ్బించుకుని, గొంతులో కుర్రుకుర్రుమంటూ... అది తల్లికోడి అరిచే అరుపు.

అప్పుడు అవతల నుంచి పారమ్మ మాట్లాడింది. గోడతో కాదు.

"అక్కా!"

ఎన్నాళ్ళయిందో ఆ మాట విని.

"అక్కా, పెట్టని ఏం చేశావే? రోట్లో గుడ్లున్నాయి. పొదుగుతోంది. నువ్వు తిడతావని నేను చెప్పలేదు. గడ్డి వేసి ఊరుకున్నాను. గుడ్లు చల్లారిపోతున్నాయక్కా. అత్త బొంతలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. లేవడానికి లేదు."

నూకాలమ్మ పెట్టని ఎత్తి పొట్ట కింద చెయ్యి పెట్టింది. ఈకలు రాలిపోయి, నున్నగా, జ్వరమొచ్చిన పిల్ల ఒంటిలా కాలిపోతోంది. ఎక్కడికి పోయేదో అప్పుడు అర్థమైంది. అది తిరుగుబోతు కోడి కాదు. అత్త చెప్పిన మాట విన్న కోడి. అవసరమొచ్చింది, చూపించిన ఇంటికే వెళ్ళింది.

"సింహాద్రప్పన్నా, నేనేం చేశాను తండ్రీ" అంది నూకాలమ్మ.

మగవాళ్ళు పొలంలో ఉన్నారు. గోడ మీంచి కోడిని వదులుదామా అంటే, ఒంటి రెక్కతో బోర్లా పడుతుంది, కింద రాయి. వీధి చుట్టూ వెళదామా అంటే, గడప తొక్కనని అప్పన్న మీద ఒట్టు. ఒట్టు తప్పితే పాపం. తప్పకపోతే లోపల పిల్లలు చచ్చిపోతాయి, అదీ పాపమే.

అప్పుడు నూకాలమ్మ గోడ వంక చూసింది. గడప తొక్కననే కదా ఒట్టు! గోడ ఎక్కననా?

చీర కుచ్చిళ్ళు పైకి దోపింది. గంప బోర్లించింది. పెట్టని చంకలో పెట్టుకుంది. గంప మీదికెక్కి, గోడ పట్టుకుని, "హమ్మా" అని పైకి లేచింది. గంప చటుక్కున విరిగిపోయింది. ఇక వెనక్కి దారిలేదు. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు. గోడ మీద కూర్చుండిపోయింది, దొడ్లో ఆవు మేత మానేసి చూస్తోంది.

పారమ్మ తలెత్తి చూసింది. ఏడుస్తున్నదల్లా ఫక్కున నవ్వింది.

"నవ్వావంటే గుండు చేసేస్తాను!" అంది నూకాలమ్మ పైనుంచి. "ఎక్కడే కాలు పెట్టేది?"

"ఎడమ కాలు అక్కా... ఇంకా కిందకి... కింద రోలుంది. ఆఁ, అదే అంచు!"

నూకాలమ్మ రోలు అంచు మీద పాదం ఆనించి కిందకి జారింది. మోచేతులు గీసుకుపోయాయి. పెట్టని మాత్రం నేల తగలనివ్వలేదు. పారమ్మ బొంత విప్పి గుడ్లు ఒక్కొక్కటే అందించింది. నూకాలమ్మ ఒక్కొక్కటే రోట్లో సర్దింది. చుక్కలపెట్ట అటూ ఇటూ చూసి, రోట్లోకి దిగి, గుడ్లన్నీ ముక్కుతో దగ్గరికి లాక్కుని, కళ్ళు మూసుకుంది. ఇదిగో, నువ్వు ఇప్పుడు మూసుకుంటున్నావే, అలాగ.

ఇద్దరూ దాని పక్కనే కూర్చున్నారు. నూకాలమ్మ చెయ్యి దానంతటదే పారమ్మ తల మీదికి వెళ్ళింది.

"ఏటే ఈ తల? పిచ్చుకగూడులా ఉంది. నూనె పెట్టేవాళ్ళు లేరా?"

"లేరు" అంది మా అమ్మమ్మ.

పొద్దు వాలాక నూకాలమ్మ మొగుడు పొలం నుంచి వచ్చాడు. ఇల్లంతా వెతికాడు. "ఓలె, ఎక్కడున్నావే?" అని కేకేశాడు.

"ఇక్కడే."

"ఇక్కడంటే?"

"గోడవతల!"

"ఆ గడప తొక్కనని ఊరంతా వినేట్టు ఒట్టేశావు కదే!"

"తొక్కలేదు. గోడ దిగాను."

"మరి ఇంటికి ఎలా వస్తావు?"

బయటికి వెళ్ళాలన్నా ఆ గడపే తొక్కాలి. మళ్ళీ గోడెక్కే ఓపిక ఆవిడకి లేదు. అప్పుడు నూకాలమ్మ మొగుడు గోడ వంక చూశాడు. ఆ తర్వాత గునపం తెచ్చుకున్నాడు. ఇవతల నుంచి, అప్పుడే పొలం నుంచి వచ్చిన పారమ్మ మొగుడు కూడా గునపం పట్టుకున్నాడు. చెరో వైపు నుంచీ తవ్వారు. మట్టి కూలి కన్నం పడ్డాక, అందులోంచి ఒకరి మొహం ఒకరికి కనబడింది. "దుమ్ము పడింది, కళ్ళు తుడుచుకో" అన్నాడు అన్న. దుమ్ము కోసమే తుడుచుకున్నారో, మరెందుకో.

నూకాలమ్మ అప్పన్న మీద ఒట్టు తప్పకుండా, ఆ దారిన ఇంటికి వెళ్ళింది.

గుడ్లన్నీ పిల్లలు కాలేదు తల్లీ. అబద్ధం చెప్పకూడదు. కొన్ని మురిగిపోయాయి. వాటిని నూకాలమ్మ తన చేత్తోనే ఆనపపాదు కింద పూడ్చి, కాసేపు అక్కడే నిలబడింది. మిగిలినవి పిల్లలయ్యాయి. అవి గోడ కన్నంలోంచి ఇటు పోయేవి, అటు వచ్చేవి. ఎవరి పిల్లలని ఎవరూ అడగలేదు.

రోలు ఖాళీ అయ్యాక పసుపునీళ్ళతో కడిగారు. మళ్ళీ నాగుల చవితి వచ్చింది. కన్నంలోంచి రోకలి వచ్చింది. నూకాలమ్మ పోటు వేసింది. పారమ్మ చెయ్యి పెట్టింది. ఆ యేడు చిమ్మిలి ఎంత మెత్తగా వచ్చిందో, మా అమ్మమ్మ చివరి రోజుల దాకా చెప్పింది. ఆ చలికాలానికే చుక్కలపెట్టకి కొత్త ఈకలు కూడా వచ్చేశాయి. కానీ అది మళ్ళీ గోడెక్కలేదు. నడిచి వెళ్ళే దారుంటే ఎవరెగురుతారు?

ఆ తర్వాత పారమ్మకి ఒక కూతురు పుట్టింది. ఆవిడే మా అమ్మ. అమ్మని అత్తారింటికి పంపే రోజున నూకాలమ్మ ఆ రోలు తవ్వించి బండిలో పెట్టించింది. పక్కనే రోకలి కూడా పెట్టి, రెండూ కలిపి తాడుతో కట్టింది. "ఒకటుండి ఒకటి లేకపోతే కొంపలు కూలతాయే" అంది. ఆ రెండూ మా అమ్మ నుంచి నాకొచ్చాయి. పెరట్లో పిచ్చుకలు నీళ్ళు తాగే నల్లరాయి ఏదనుకున్నావు మరి?

ఇప్పుడు చెప్పు, కత్తిరించాలా, వద్దా?... ఏమిటీ, వినబడలేదు. ఆఁ, ఆఁ. అసలు ఆ కొత్త కోళ్ళకి ఇది మన ఇల్లని ఎవరు చెప్పారు గనక! రేపు పొద్దున్నే మీ అమ్మ కత్తెర తీయకముందే లేపుతాను. ముందు పొట్టలు తడుముదాం. ఆ తర్వాత రోలు చుట్టూ నేనొక చుట్టు, మీ అమ్మొక చుట్టు, నువ్వొక చుట్టు.

రోలొక ఇంట, రోకలొక ఇంట,
కోడమ్మ కాపరం రెంటి నడుమంట.
రెక్క తెగింది, గోడ పగిలింది,
చిమ్మిలి ముద్ద నోట్లో కరిగింది.
కథ కంచి దారి పట్టి పోయింది,
కోడితో పాటు మనకీ ఇల్లొచ్చింది.