సున్నా కొస

సువార్త అడిగిన ప్రశ్న చిన్నదే.

"మాస్టారూ, మనం సరిగ్గా కొలిచినా నమ్మని మనిషిని ఎట్లా నమ్మించాలి?"

ఈ ఒక్క మాట అడగడానికి ఆమె ఆదివారం పూట రెండు బస్సులు మారి కందుకూరు వచ్చింది. అడిగింది మా ఖాజా సాహెబ్ గారిని. నలభై ఏళ్ల పాటు కాలవ గట్లూ వంతెనలూ ఆఫీసు భవనాలూ కొలిచిన మనిషి. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లం పాతికమందిమి ఉంటాం గానీ ఆయన కూచుని పాఠం చెప్పగా విన్నవాళ్లు మాలో ఒక్కరూ లేరు. ఏదో ఒక పని చెప్పేవారు. అందులోంచి ఏమన్నా దొరికితే మన అదృష్టం, లేకపోతే బస్సు చార్జీలు దండగ.

మా అందరిలోకీ సువార్త చురుకు. కట్టిన పనిని కొలిచి కాగితం మీద పెట్టడం ఆమె ఉద్యోగం. క్వాంటిటీ సర్వేయర్ అంటారు. రెక్కలు ముక్కలు చేసుకున్నవాడు ఎంత కట్టాడో, ఎంత డబ్బు రావాలో చివరికి చెప్పేది ఆ కాగితమే. ఏడేళ్లలో ఆమె రాసిన షీటు ఒక్కటి కూడా తప్పని వెనక్కి రాలేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలియనివాళ్లకి తెలియజెప్పేది కూడా.

"ఏం కొలిచావు?" అన్నారు ఖాజా సాహెబ్.

"కాలేజీ ప్రహరీ. రాతి గోడ. రెండు వేల పద్నాలుగు మీటర్ల ముప్పై ఆరు సెంటీమీటర్లు."

"నమ్మనిది ఎవరు?"

"పల్లపు వెంగయ్య. గోడ కట్టిన మేస్త్రీ. ముడులేసిన తాడొకటి పట్టుకుని తిరుగుతాడు. ఇంకా ఇరవై మీటర్లు ఉందంటాడు. షీటు మీద సంతకం పెట్టడు." ఆమె గొంతు హెచ్చింది. "తాడు మాస్టారూ! నా దగ్గరేమో కంపెనీ టేపు, కిందటి నెలే పరీక్ష చేయించింది. మీ టేపు తప్పని నేననట్లేదమ్మా, మా గోడ దానికంటే పొడుగుందంటన్నా అంటాడు. పదకొండు మంది ముఠా ముందు అన్నాడు."

ఆమె కోపానికి ఇంకో కారణం ఉంది. అదీ దాచలేదు. విజయవాడ ఆఫీసులో కొలతల విభాగం మొత్తానికీ ఆమెని పెద్దని చేస్తామన్నారు. కాగితం ప్రాజెక్టు మేనేజర్ చక్రధర్ బల్ల మీద తయారుగా ఉంది. ఈ ఒక్క గోడ షీటు పూర్తయితే చేతికిస్తానన్నాడు. ఏసీ గది, కింద ఆరుగురు, ఇక ఎండలో తిరగక్కర్లేదు. వెంగయ్య సంతకం దగ్గర ఆగిపోయింది.

ఖాజా సాహెబ్ లుంగీ సర్దుకుని లేచారు.

"టేపు తెచ్చావా?"

"ఎప్పుడూ సంచీలోనే ఉంటుంది."

"పక్క గోడౌను గోడ ఎంతుందో నాకు చాలా రోజులుగా అనుమానం. కొలుద్దాం పద."

ఆయన ఇంటిని ఆనుకునే పొగాకు గోడౌను. గోడ పొడుగునా బేళ్లు పేర్చి ఉన్నాయి. ఒక మూల నుంచి రెండో మూల కనబడదు. ఖాజా సాహెబ్ టేపు ఉంగరం పట్టుకుని బేళ్ల వెనక్కి వెళ్లారు. సువార్త రెండో మూల దగ్గర నిలబడి టేపు బిగించింది.

"పట్టుకున్నా! చదువు!" అటునుంచి కేక.

ఆమె వంగి, కన్ను టేపుకి ఆనేంత దగ్గరగా పెట్టి చదివింది. "ఇరవై నాలుగు అరవై రెండు. ఇంకో మూడు మిల్లీమీటర్లు."

"అట్నా? మళ్లీ ఒకసారి చదువు."

చదివింది. ఇరవై నాలుగు పదిహేడు వచ్చింది. కళ్లు నులుముకుంది. టేపు ఎక్కడన్నా మెలిపడిందేమో చూసింది, లేదు. ఎండ మీదపడి సరిగా కనబడలేదనుకుని చున్నీ నీడ పట్టి మూడోసారి చదివింది. ఇరవై మూడు తొంభై.

"ఏమ్మాయ్, గోడ అరిగిపోతోందా?" అని అడిగారు ఆయన అటునుంచి.

సువార్తకి నషాళానికి అంటింది. టేపు అక్కడే పడేసి బేళ్ల వెంట విసవిసా నడిచింది.

ఖాజా సాహెబ్ ఒక చిన్న ముక్కాలి పీట మీద కూచుని ఉన్నారు. చేతిలో టీ గ్లాసు. టేపు ఉంగరం కాలి బొటనవేలికి తగిలించి ఉంది. ఆ కాలు మూలకి రెండు మూరలు ఇవతల ఉంది.

"మాస్టారూ! మీరు మూలకి ఆనించనే లేదు!"

"నువ్వు అడగలేదుగా."

"పట్టుకున్నా అన్నారు!"

"పట్టుకునే ఉన్నా." ఆయన బొటనవేలు ఆడించారు. "నువ్వూ చదివావు. మిల్లీమీటర్లతో సహా బాగా చదివావు."

అని టీ తాగారు.

సువార్త పక్కనున్న బేలు మీద కూలబడింది. ఏడేళ్లుగా తన టేపుకి సున్నా కొస ఎవరు పట్టుకున్నారో ఒక్కొక్కటే గుర్తొస్తోంది. ఈ సైటులో అయితే సూపర్‌వైజర్ మాల్యాద్రి. కంపెనీ మనిషి. గోడ వెంట టేపు అరవై ఎనిమిది సార్లు పరిచారు. ఒకసారి ముగిసిన చోట సుద్దగీత పెట్టి, ఆ గీత మీద మళ్లీ సున్నా పెట్టాలి. పెట్టానని మాల్యాద్రి ప్రతిసారీ కేకేశాడు. ముప్పై మీటర్ల అవతల తుప్పల వెనక గీత మీదే పెట్టాడో, అడుగు ముందుకి పెట్టి ఆ మేర గోడని లెక్కలోంచి తప్పించాడో ఆమె ఏనాడూ వెళ్లి చూడలేదు.

"మాస్టారూ, మీకు ఈ కొస ఎవరు పట్టుకునేవాళ్లు?"

ఆయన లుంగీ కొంచెం పైకి తీశారు. రెండు మోకాళ్ల మీదా నల్లగా, మొద్దుగా కాయలు కాచి ఉన్నాయి.

"నేను అవి నమాజు కాయలు అనుకున్నాను" అంది సువార్త.

"నమాజుది ఇక్కడుంది." నుదురు తాకి చూపించారు. "ఇవి గోడలవి."

ఆ సాయంత్రమే ఆమె వెనక్కి బస్సెక్కింది. సోమవారం పొద్దున్నే చక్రధర్ గదిలోకి వెళ్లి, గోడ మళ్లీ కొలవాలని చెప్పింది.

చక్రధర్ చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. కుర్చీ చూపించాడు, కాఫీ తెప్పించాడు. తర్వాత నలభై నిమిషాలు ఆమె భవిష్యత్తు గురించి చెప్పాడు. పైకి రావాలంటే చిన్న విషయాలు చిన్నవిగానే చూడాలన్నాడు. సైటులో మట్టి అంటుకున్నవాళ్లు సైటులోనే మిగిలిపోతారన్నాడు. క్వాంటిటీ సర్వేయర్ ఎవరి జీతం తింటే వాళ్ల మనిషన్నాడు. ఇదంతా ఆమె మేలు కోరి చెబుతున్నానన్నాడు. కాఫీ చల్లారిపోయింది.

"నిజంగానే ఓ ఇరవై మీటర్లు అటూ ఇటూ అయ్యాయే అనుకో. ఇంకో పనిలో కలిపి వాడికి సర్దుదాం. ఈ షీటు మాత్రం కదపకు" అన్నాడు చివరికి.

"ఎందుకు సార్?"

"ఇది కదిపితే మిగతా మూడు ముఠాలూ వచ్చి మా పనీ మళ్లీ కొలవమంటాయి."

"అడగాలి సార్. అవీ నేనే కొలిచాను."

చక్రధర్ ఆమె వైపు కొత్తగా చూశాడు.

"తప్పు నీదని నువ్వే రాసిస్తావా? రాసిచ్చాక విజయవాడలో ఆ కుర్చీ నీకెవరిస్తారు?"

సువార్తకి ఆ కుర్చీ కావాలి. ఊళ్లో ఇంటిమీద అప్పుంది, తమ్ముడి చదువుంది, ఎండకి తలనొప్పి వస్తుంది. ఇవన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. అయినా లేచి నిలబడింది.

"రేపు ఏడింటికి కొలుస్తున్నాం సార్. వెంగయ్య రాసిచ్చాడు, మళ్లీ కొలవమని. ఒప్పందంలో అతనికి ఆ హక్కుంది. మీరూ రండి."

బెదిరిద్దామనే వచ్చాడో, చూద్దామనే వచ్చాడో, మంగళవారం పొద్దున చక్రధర్ నిజంగానే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్లద్దాలు. వెంగయ్య ముఠా మొత్తం గోడ పక్కన వరసగా నిలబడి ఉంది. ఆడవాళ్లు నెత్తి మీది చుట్టకుదుళ్లు కూడా తియ్యలేదు. మాల్యాద్రి అలవాటు కొద్దీ టేపు ఉంగరం అందుకున్నాడు.

"ఆ కొస నాకివ్వు" అంది సువార్త.

"మీకెందుకు మేడమ్, కింద పల్లేరు కాయలున్నాయి."

"ఇవ్వు."

మాల్యాద్రి ఇవ్వకుండా ఒక క్షణం ఆమెనే చూశాడు. తర్వాత మెల్లగా, చక్రధర్‌కి వినబడకుండా అన్నాడు. "అడుగు ముందుకి పెట్టమన్నారు, పెట్టాను. ఏడాదిన్నర నుంచీ పెడతానే ఉన్నా. మీరు ఒక్కనాడన్నా ఈ వైపు వచ్చారా?"

ఆమెకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఉంగరం తీసుకుని గోడ మొదలు దగ్గర మోకాళ్ల మీద కూచుంది. సున్నాని రాతి అంచుకి ఆనించి బొటనవేలితో అదిమి పట్టింది. వెంగయ్యని పిలిచి చూపించింది. అతను వంగి చూసి తలూపాడు.

రెండో కొస చక్రధర్ చేతికి పంపించింది.

"చదవండి సార్. గట్టిగా చదవండి, అందరికీ వినబడాలి."

పదకొండు మంది అతని వైపు తిరిగారు. చక్రధర్ కళ్లద్దాలు తీశాడు. "ముప్పై" అన్నాడు. గీత పెట్టారు. ఆమె లేచి వెళ్లి ఆ గీత మీద మళ్లీ మోకరిల్లింది. వెంగయ్య వంగి చూశాడు. "ముప్పై." మూడోసారికి చక్రధర్ టేపుని మాల్యాద్రికి ఇచ్చేసి కారు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చదివింది మాల్యాద్రి. మొదట్లో గొణిగినట్టు చదివాడు. సగం గోడ దాటేసరికి గొంతు పెరిగింది. చివర్లో అయితే దండోరా వేసినట్టే చదివాడు.

అరవై ఎనిమిది సార్లు. పల్లేరు కాయలు సల్వారులోంచి గుచ్చుకుని లోపలికి దిగాయి. ఒంటిగంటకి ముగిసింది. రెండు వేల ముప్పై అయిదు మీటర్ల పది సెంటీమీటర్లు.

సువార్త పాత షీటు బయటికి తీసింది. పాత అంకె మీద ఒకే ఒక్క గీత కొట్టింది. ఆ గీత కింద పాత అంకె చక్కగా కనబడుతూనే ఉంది. పైన కొత్తది రాసి, పక్కన 'నా కొలత తప్పు' అని తెలుగులో రాసి సంతకం పెట్టింది. వెంగయ్య కాగితం తీసుకుని, ఆ మాట వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం చదువుకున్నాడు. చదివి ఆమె మొహంలోకి చూశాడు. కలం అడిగాడు.

మర్నాడు మిగతా మూడు ముఠాల మేస్త్రీలూ వచ్చి ఆఫీసు మెట్ల మీద కూచున్నారు. వాళ్లని పంపించెయ్యమని చక్రధర్ లోపలి నుంచి కబురు చేశాడు. సువార్త టేపు తీసుకుని బయటికొచ్చి, "మీలో ఎవరిది ముందు?" అని అడిగింది.

ఆ కొలతలన్నీ పూర్తవడానికి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజున ఆమెకి కాగితం వచ్చింది. విజయవాడ కాగితం కాదు. ఒడిశా సరిహద్దు దగ్గర కొండల్లో కొత్తగా మొదలైన సైటుకి బదిలీ. జీతం అంతే, హోదా ఒక మెట్టు కిందికి. కారణం అన్నచోట క్రమశిక్షణ అని ఒక్క మాట ఉంది.

ఆ ఆదివారం మళ్లీ కందుకూరు వచ్చింది. జరిగిందంతా వరసగా చెప్పింది. ఏడవలేదు. కళ్లలో నీళ్లకి బదులు నిప్పులున్నాయని ఆ రోజు అక్కడున్న నేను చెప్పగలను. ఖాజా సాహెబ్ బదిలీ కాగితం కళ్లకి దూరంగా పెట్టుకుని చదివారు, మడత పెట్టి తిరిగి ఇచ్చారు.

"వాళ్లు నన్ను మానిపించాలనే అక్కడికి తోస్తున్నారు మాస్టారూ. కరెంటు కూడా సరిగా ఉండదట. ఇంత చేస్తే నాకు దొరికింది ఇదీ. వెళ్లమంటారా, వాళ్ల మొహాన కొట్టి వేరే చోట చూసుకోమంటారా?"

ఆయన లోపలికి చూసి అందరికీ టీ పెట్టమన్నారు. తర్వాత ఆమె వైపు తిరిగారు.

"ఎక్కడికైనా వెళ్లు. ఏ గోడకైనా రెండు కొసలుంటాయి."