గంప పక్కన కూర్చున్న ముంగిస

పశువుల కొట్టం పక్కన కోళ్ల పాకలో ఏడు పెట్టలుండేవి. అన్నీ ఒకే గంపలో గుడ్లు పెట్టేవి. కొన్నాళ్లుగా చాలా రోజులు ఆ గంపలో నాలుగైదు గుడ్లే మిగులుతున్నాయి. గుడ్డు పెట్టగానే ఊరంతా చాటుకోవడమే తప్ప లెక్కచూసే అలవాటు పెట్టలకి లేదు. అందుకని ప్రతి పెట్టా పక్కదాన్ని అనుమానించి ఊరుకుంది. కాలు నిలవని చుక్కలపెట్టా అంతే. తెల్లపెట్ట ఒళ్లు దాచుకుంటోందని లోలోపల తిట్టుకుంది.

ఆ సమయంలో ముంగిస వచ్చి, కొట్టానికి పెద్దదిక్కైన ముసలి ఎద్దు ముందు వినయంగా కూర్చుంది.

“పెద్దయ్యా, నల్లకుక్క మొరిగిన రోజునే గుడ్లు తగ్గుతున్నాయి. గమనించారా?”

ఎద్దు నెమరు ఆపి ఆలోచించింది. నిజమే.

“పాపం, పెట్టలు బెదిరిపోతున్నాయి. నా మాట నమ్మొద్దు, పరీక్ష పెట్టండి. మూడు రోజులు కుక్కని కాలవ గట్టుకి పంపండి. నేను గంప పక్కనే, అందరి ఎదుటా కూర్చుని లెక్కపెడతాను. కూలి కూడా వద్దు.”

మూడు రోజులూ ఏడేసి గుడ్లు.

“ఇంకేం, దాన్ని అటే ఉండమనండి,” అంది తెల్లపెట్ట. అందరికంటే ముందు తల ఊపింది చుక్కలపెట్టే.

కబురు విని కుక్క వచ్చి గుమ్మం బయటే నిలబడింది. “ఏదో వాసనొస్తే మొరుగుతాను పెద్దయ్యా. వద్దంటే మానేస్తాను. ఈ వయసులో నన్నెవరు చేరనిస్తారు?”

చుక్కలపెట్ట పిల్లల మీదికి గద్ద దిగిన రోజు అడ్డంపడింది ఈ కుక్కే. ఊపిన తల ఎక్కడ పెట్టుకోవాలో దానికి తెలియలేదు. కాసేపు నేల కెలికి ఎద్దు వైపు తిరిగింది.

“తాతా, ఆ మూడు రోజుల్లో మారింది ఒకటి కాదు, రెండు. కుక్క వెళ్లింది. ముంగిస బావ వచ్చి మన కళ్లెదుట కూర్చున్నాడు.”

“అయితే?”

“ఒక్కటే మారుద్దాం. బావ అక్కడే ఉండనీ. కుక్కొచ్చి గొంతు చించుకుని మొరగనీ.”

ముంగిస మీసం దువ్వుకుంది. “తేలిపోయిందిగా అమ్మాయ్, మళ్లీ ఎందుకు శ్రమ?”

“కూలి వద్దన్నావుగా బావా. ఇంకో మూడు రోజులు కూర్చో.”

కుక్క మూడు రోజులూ మొరిగింది. తెల్లపెట్టకి తలనొప్పి వచ్చింది. గుడ్లు మాత్రం ఏడుకి ఏడు. ముంగిస పొట్ట వీపుకంటుకుంది.

“మొరుగుడుతో పనిలేదన్నమాట,” అంది ఎద్దు.

“ఇప్పుడు రెండోది మారుద్దాం. బావా, అలిసిపోయావు. ఇంటికెళ్లి పడుకో.”

మర్నాడు చుక్కలపెట్ట తన గుడ్డు పెట్టేసి, గంప వెనక గడ్డిలో మెడదాకా దూరింది. మిగతా ఆరూ పడటం కళ్లారా చూసింది. పెట్టలు మేతకి వెళ్లాయి. వాకిట్లో కుక్క మొరిగింది. మరుక్షణం వెనక గోడకున్న కంతలోంచి, కుక్క తల పట్టని కంతలోంచి, ముంగిస దిగింది.

రెండు గుడ్లు తాగి మూడోదాని మీద చెయ్యి వేసేసరికి చుక్కలపెట్ట కేకేసింది. ఎద్దు వెళ్లి బయటినుంచి కంతకి డొక్క ఆనించింది. కుక్క గుమ్మంలో నిలబడింది.

“లెక్కపెడదామని వచ్చాను,” అంది ముంగిస, మూతికి సొన అలాగే ఉంచుకుని.

“ఎన్ని?” అంది చుక్కలపెట్ట.

“అయిదు.”

“కడుపులోవి కూడా కలుపు బావా.”

కుక్క దాన్ని కాలవ దాకా తరిమి వచ్చి, తన చోట తను పడుకుంది. చుక్కలపెట్ట తెల్లపెట్ట దగ్గరికెళ్లి, “నిన్ను ఊరికే అనుమానించానే,” అంది.

“పోనీలే, నేనూ నిన్నే అనుకున్నా,” అంది తెల్లపెట్ట.

నీతి: లెక్కపెట్టేవాణ్ణి కూడా లెక్కలో వేసుకుంటేనే లెక్క తేలుతుంది.