పులుల వైపు నాన్న

టెక్కలిలో కూర్మనాథంగారికి ఒక అలవాటుండేది. ఎవరు ఎంత పెద్ద సందేహంతో వచ్చినా ఆయన నేరుగా జవాబు చెప్పేవారు కాదు. ముందు, "మీ ఇంట్లో ఎవరెవరుంటారు?" అని అడిగేవారు. ఆత్మ అంటే ఏమిటో తెలుసుకుందామని వచ్చినవాడు, అత్తగారి మోకాళ్ల నొప్పుల గురించీ చంటివాడి పాలపళ్ల గురించీ చెప్పుకుని, అడగవలసింది మరిచిపోయి వెళ్లిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. తెలుగు పండితుడిగా రిటైరైన తరవాత ఆయన గురువారం సాయంత్రాలు తమ ఇంటి వరండాలో చాప పరిచి, వచ్చిన నలుగురికీ ఉపనిషత్తులు చెప్పేవారు.

ఆ నలుగురిలో కేదారి ఒకడు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. మాట తక్కువ, లోపల మథనపడటం ఎక్కువ. తీరిక దొరికితే చెక్కముక్కలు ముందేసుకుని ఆటపలకలు చెక్కడం అతని సరదా. ఉలితో గీతలు తీసి, ఉప్పుకాగితంతో రుద్ది, వార్నీషు పూసి, ఆరేదాకా దాన్నే చూస్తూ కూర్చునేవాడు. ఆ గురువారం పాఠం అయిపోయాక అందరూ లేస్తుంటే అతను మాత్రం లేవలేదు.

"గురువుగారూ, సత్యం మాటలోనే కాదు, చేతలో కూడా ఉండాలన్నారు. నాకో సందేహం. మా అమ్మాయికి ఏడేళ్లు. రోజూ సాయంత్రం దానితో పులిమేక ఆడతాను. రోజూ కావాలనే ఓడిపోతాను. అది అబద్ధం కిందికి వస్తుందాండీ?"

చెప్పులు వేసుకుంటున్నవాళ్లు నవ్వారు. కూర్మనాథంగారు నవ్వలేదు.

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేను, మా ఆవిడ సువర్చల, పాప హంసిని, మూడేళ్ల బాబు విభు."

"పులులెవరివి?"

"నావండి. మేకలు పాపవి."

"ఆదివారం మీ ఇంటికి వస్తాను. నేనూ ఒక ఆట ఆడతాను" అని ఆయన లోపలికి వెళ్లిపోయారు.

అడిగినదానికి అవునని గానీ కాదని గానీ అనకుండా ఈ ఆదివారం సంగతేమిటో కేదారికి అర్థం కాలేదు. ఆయన వస్తానన్నారన్న సంతోషంలో మాత్రం ఇల్లంతా దులిపించాడు.

ఆదివారం సాయంత్రం కూర్మనాథంగారు వచ్చేసరికి హంసిని కొత్త గౌను వేసుకుని, పలక ముందు బాసింపట్టు వేసుకుని సిద్ధంగా ఉంది. విభు చూస్తున్న కార్టూన్ ఆపి సువర్చల టీవీ కట్టేసింది. వాడు కాసేపు ఏడ్చి, తరవాత చింతపిక్కల గిన్నె దొరికాక ఊరుకున్నాడు. ఆ చింతపిక్కలే మేకలు. పులులు మాత్రం కేదారి చెక్కతో చేసి, పసుపురంగు వేసి, నల్లచారలు దిద్దినవి. ఆట తెలియనివారెవరైనా ఉంటే వారికోసం ఒక్కమాట. పలక మీద గీతలు కలిసేచోటల్లా ఒక గడి. ఒకరివి మూడు పులులు, ఇంకొకరివి పదిహేను మేకలు. పులి మేక మీదనుంచి దూకి అవతలి ఖాళీలో వాలితే ఆ మేక పోయినట్టే. పులులు కదలడానికి వీల్లేకుండా మేకలు చుట్టుముడితే మేకలవాళ్లు గెలిచినట్టు.

"తాతగారూ, మా నాన్నని నేను రోజూ ఓడిస్తాను తెలుసా? మీరు కూడా ఓడిపోతారు. ఏడవకూడదు మరి" అంది హంసిని.

"ఏడవనమ్మా" అన్నారాయన.

ఆట మొదలైంది. ఆయన మూడో ఎత్తులో ఒక మేకని తిన్నారు. హంసిని ఉలిక్కిపడి తండ్రి వైపు చూసింది. మరో రెండు ఎత్తుల్లో ఇంకో మేక పోయింది. గోడకానుకుని నిలబడ్డ కేదారి చిన్నగా దగ్గాడు. ఆయన తలెత్తలేదు. మళ్లీ దగ్గాడు. "మంచినీళ్లు తాగవయ్యా" అన్నారాయన, పలక మీదనుంచి చూపు తిప్పకుండానే, ఇంకో మేకని తీసి పక్కన పెడుతూ. కాఫీ తెచ్చిన సువర్చల గ్లాసు అక్కడ పెట్టాలో, పిల్లని ఎత్తుకోవాలో తెలియక గుమ్మంలోనే ఆగిపోయింది. హంసిని కింది పెదవి వణకడం మొదలైంది. అయినా లేవలేదు. మిగిలిన మేకల్ని ఒకదాని వెనక ఒకటి దాచాలని చూసింది. చిక్కినదాన్ని ఆయన వదల్లేదు. చివరికి పలక మీద నాలుగు చింతపిక్కలు మిగిలాయి. వాటితో మూడు పులుల్ని కట్టెయ్యడం ఎవరివల్లా కాదు. ఆ సంగతి ఆ పిల్లకీ తెలిసింది. లేచి వెళ్లి తల్లి చీర కుచ్చిళ్లలో మొహం పెట్టుకుంది.

కూర్మనాథంగారు కాఫీ తాగారు. "పిల్ల చివరిదాకా కూర్చుంది" అని సువర్చలతో అని లేచారు. కేదారి గేటుదాకా వెంట వచ్చాడు.

"ఏమిటండీ ఇది? చిన్నపిల్ల కదండీ."

"ఎదురుగా కూర్చున్నది అదే కదయ్యా. అందుకే దానితో ఆడాను" అని ఆయన వీధిలోకి నడిచారు.

ఆ మాటని కేదారి ఎన్ని విధాల తిప్పిచూసినా ఏ వైపునుంచీ అర్థం కాలేదు. అబద్ధమో కాదో చెప్పమంటే ఇంటికొచ్చి పిల్లని ఏడిపించి పోవడం ఏ ఉపనిషత్తులో ఉందో అనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం అతను ఆసుపత్రినుంచి వచ్చేసరికి హంసిని పలక పరిచే ఉంచింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. పిల్ల మరిచిపోయిందనుకున్నాడు. ఎప్పటిలాగే పులుల్ని తీసుకున్నాడు, ఎప్పటిలాగే వాటిని మూలలకి నడిపించాడు. సగం ఆట అయ్యాక హంసిని మేకని కదపబోయి ఆగింది.

"నాన్నా, ఇందాక ఈ మేకని తినొచ్చు కదా. తాతగారైతే తినేసేవారు. నువ్వెందుకు తినలేదు?"

"చూసుకోలేదమ్మా."

ఆ మాట నోటినుంచి వచ్చాక గానీ అతనికి తెలియలేదు, ఇన్నాళ్లూ చేత్తో ఆడిన అబద్ధం ఇప్పుడు నోటితో ఆడానని. హంసిని పలక వైపు చూసింది, తండ్రి మొహం వైపు చూసింది.

"మొన్న కూడా చూసుకోలేదా? అంతకుముందు?"

కేదారి చేతిలో పులి చారల్ని గోటితో గీకాడు.

"అంటే, నేను ఎప్పుడూ గెలవలేదా?"

"అది కాదు తల్లీ. నువ్వు సంతోషంగా ఉంటావని..."

హంసిని ఏడవలేదు. ఏడిస్తే ఎత్తుకుని ఊరుకోబెట్టేవాడు. అది మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్లింది. ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉన్న తన బొమ్మ ముందు నిలబడింది. సంవత్సరాది సెలవుల్లో వేసిన ఆవుదూడ బొమ్మ అది. కేదారి దాన్ని చూసి, ఆసుపత్రికి వచ్చే దూడల్లో కూడా ఇంత అందమైనది లేదని అందరికీ చూపించాడు.

"ఇది బాగుందన్నావు. అది కూడా అలాగేనా?"

"లేదమ్మా! అది నిజంగా బాగుంది. ఒట్టు."

ఆ పిల్ల కాగితం చింపకుండా జాగ్రత్తగా ఊడదీసి, మడిచి, తన స్కూలు సంచీలో పెట్టేసుకుంది. నిజంగా బాగున్న బొమ్మ అది. ఆ సంగతి నమ్మించే దారి మాత్రం కేదారికి కనబడలేదు. తన మాటకి విలువ పోయిందని అతనికి మొదటిసారి తెలిసింది, అదీ ఏడేళ్ల పిల్ల దగ్గర.

"మీ గురువుగారు రాకపోయినా ఏదో ఒకరోజు బయటపడేదేనండీ" అంది సువర్చల, అన్నం కలుపుతూ.

"అయితే నేను చేసింది తప్పంటావా?"

"తప్పని అనలేదు. రేపు దానికి రాగి సంకటి పెట్టి పాయసమంటే ఎన్నాళ్లు తింటుందంటున్నాను."

"మరి మొదటిరోజునుంచే గెలిచి ఏడిపించి ఉండాల్సిందా?"

ఆవిడ ఆలోచించి, "అదీ నాకు తెలీదు" అంది.

తరవాతి గురువారం కేదారి పాఠానికి వెళ్లలేదు. ఆపై గురువారం కూడా వెళ్లలేదు. ఇంట్లో పిల్లల సాయంత్రాలు టీవీ ముందు గడిచిపోతున్నాయి. హంసిని తండ్రి పిలిస్తే పలుకుతుంది, అడిగితే చెబుతుంది. కానీ తను చేసినదేదీ తెచ్చి చూపించడం మానేసింది. అతను కొత్త పలక ఒకటి మొదలుపెట్టి, గీతలు వంకరపోయాయని పక్కన పడేశాడు. అబద్ధం చెప్పినన్నాళ్లూ ఇంట్లో నవ్వులుండేవి, నిజం వచ్చి కూర్చున్నాక ఇల్లు చిన్నబోయింది. గురువుగారు చెప్పిన సత్యం ఇదేనా? ఇది కాకపోతే ఇంకేది? ఆవులకి సూదిమందు వేస్తూ కూడా ఇదే ఆలోచన.

ఒక సాయంత్రం అతను వాకిట్లో చెప్పులు విడుస్తుంటే లోపలినుంచి హంసిని గొంతు వినబడింది. "అయ్యయ్యో, నా పులి ఇరుక్కుపోయిందే! ఇప్పుడెలా?" తలుపు సందులోంచి చూశాడు. పలకకి అటు హంసిని, ఇటు విభు. ఈసారి పులులు హంసినివి. విభు మేకల్ని గీతల మీద పెట్టడం లేదు. గుప్పెడు చింతపిక్కలు పులి నెత్తిన పోసేశాడు. ఒకటి నోట్లో పెట్టుకోబోతే హంసిని లాక్కుంది. "నువ్వే గెలిచావురా!" అని అక్క అనగానే వాడు చప్పట్లు కొడుతూ వెల్లకిలా పడ్డాడు.

కేదారి అక్కడే నిలబడిపోయాడు. ఏ పని తను చేసినందుకు ఆ పిల్ల ఇన్నాళ్లు మొహం చాటేసిందో, అదే పని ఇప్పుడది చేస్తోంది! లోపలికి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"హంసీ, తమ్ముడి దగ్గర కావాలని ఓడిపోయావు కదా?"

"ఊఁ."

"మరి నేను ఓడిపోతే కోపమొచ్చిందేం?"

ఇంత తేలికైనది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "వాడికి ఇంకా ఆడటం రాదు నాన్నా. నాకొచ్చుగా."

"నీకు ఎప్పుడొచ్చింది?"

హంసిని నోరు తెరిచి, ఆగి, పైకప్పు వైపు చూసి ఆలోచించింది. "తెలీదు. నువ్వు చూసి ఉండాల్సింది" అంది.

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. ఆ పిల్ల తమ్ముణ్ణి పక్కకి జరిపి చింతపిక్కలు ఏరుకుంది. "రా. నిజంగా ఆడు" అంది.

ఆ రోజునుంచి కేదారి నిజంగా ఆడాడు. హంసిని ఓడిపోయింది. ఒకరోజు పలక తన్నేసింది. ఒకరోజు అన్నం తినకుండా పడుకుంటానని బెదిరించి, వంకాయ వేపుడు వాసనకి లేచొచ్చింది. కానీ మర్నాడు సాయంత్రానికల్లా పలక పరిచే ఉండేది. మేకల్ని జంటలుగా నడపడం నేర్చుకుంది. వెనక ఖాళీ ఉంచితే పులి దూకుతుందని కనిపెట్టింది. కేదారికి కూడా ఆలోచించి ఆడవలసి వస్తోంది. ఒక్కొక్కసారి కాఫీ చల్లారిపోయేది.

అలా ఆడుతుండగా ఒక శనివారం సాయంత్రం అతని పులి ఒకటి మూలలో చిక్కింది. రెండోదానికి దారి ఒక్కటే ఉంది. హంసిని ఊపిరి బిగబట్టింది. అటు కదపబోయి, ఎందుకో అతని చెయ్యి ఒక్క క్షణం ఆగి, మూడో పులిని కదిపింది. హంసిని ఒక మేకని ముందుకు తోసింది. ఆ తరవాత ఏ పులికీ కదలిక లేదు. కేదారి పలకంతా వెతికాడు. ఎక్కడా దారి లేదు.

హంసిని గంతులు వెయ్యలేదు. తండ్రి కళ్లలోకి చూస్తూ, "నిజంగానేనా?" అంది.

అతను "నిజంగానే" అనబోయి, పలక వైపు మళ్లీ చూశాడు. ఆ క్షణంలో చెయ్యి ఎందుకు ఆగింది? ఆ దారి మంచిది కాదనిపించిందా, మంచిదని తెలిసినా పిల్ల ఊపిరి బిగబట్టడం చూసి పాత అలవాటు కొద్దీ చెయ్యి వెనకాడిందా? తన చెయ్యే, తన మనసే. అయినా అతనికి తెలియలేదు.

"నాకే తెలీడం లేదమ్మా" అన్నాడు. అనేశాక భయపడ్డాడు.

హంసిని అతని మొహాన్ని చాలాసేపు పరీక్షగా చూసింది. తరవాత చింతపిక్కలు గిన్నెలోకి ఊడ్చింది. "సరే, మళ్లీ ఆడదాం" అంది. మొహంలో కోపం లేదు, అనుమానం లేదు. ఇంతసేపూ వాళ్లిద్దరూ కలిసి ఏదో వెతికినట్టు, అది దొరక్కపోయినా ఫరవాలేదన్నట్టు ఉంది.

కేదారికి మాత్రం స్థిమితం లేకపోయింది. "ఇప్పుడే వస్తానమ్మా" అని చొక్కా తగిలించుకుని, సైకిలెక్కి కూర్మనాథంగారింటికి వెళ్లాడు. ఆయన వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. ఇన్నాళ్లు ఎందుకు రాలేదని అడగలేదు. కేదారి నిలబడే జరిగినదంతా చెప్పాడు. ఫ్రిజ్ మీది బొమ్మ సంగతీ, తమ్ముడితో అక్క ఆడిన ఆటా, చివరికి ఈ సాయంత్రం చెయ్యి ఆగిపోవడమూ.

"మొదట వచ్చినప్పుడు ఒక్క సందేహమే ఉండేదండీ. ఇప్పుడు అన్నీ సందేహాలే. వాడి దగ్గర అది ఓడిపోవడం అబద్ధం కాదు, దాని దగ్గర నేను ఓడిపోవడం అబద్ధం. ఇవాళ్టిది అబద్ధమో నిజమో నాకే తెలీదు. తెలియనిదాన్ని ఏమంటారు గురువుగారూ?"

ఆయన ఒక చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టారు.

"పిల్లకి ఏమని చెప్పావు?"

"తెలీడం లేదని చెప్పానండి."

"అదేమంది?"

"మళ్లీ ఆడదామంది."

కూర్మనాథంగారు తలెత్తి అతన్నీ, గేటు దగ్గర స్టాండు కూడా వెయ్యకుండా గోడకి ఆనించిన సైకిల్నీ చూశారు.

"మరి నువ్విక్కడేం చేస్తున్నావయ్యా?" అన్నారు.